ఏరు అంటే నీళ్ళు

కళ్యాణి అడిగిన ప్రశ్నకు ముసలాయన హేమ్లికి జవాబు చెప్పాడు.

తాటిగొమ్ము దవాఖానాలో ఓపీ గది అది. జూలై నెల, సోమవారం పొద్దున. డాక్టరు బల్ల పక్కన కళ్యాణి కోసం వేసిన ప్లాస్టిక్ కుర్చీ, ఎదురుగా స్టూలు మీద ముసలాయన. కళ్యాణి మెడలో కొత్త గుర్తింపు కార్డు, దాని మీద 'భాషా సహాయకురాలు, కోయ' అని ఎర్రక్షరాలు. ఆమె నోటుపుస్తకం ఒకసారి చూసుకుని, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్ళ నుంచి అని కోయలో అడిగింది. వాక్యంలో తప్పేమీ లేదు. ముసలాయన ఆమె నోటి వంక మర్యాదగా చూశాడు. తర్వాత ఆమె భుజం మీదుగా, వెనక గచ్చు తుడుస్తున్న హేమ్లి వైపు తిరిగి గడగడా చెప్పుకుపోయాడు.

హేమ్లి తుడుపుకర్ర ఆపలేదు. "పదిరోజుల సంది దగ్గు సారూ. నిద్రల చెమటలు పడుతున్నయంట. పోయినేడు వాళ్ళ తమ్ముడు గిట్లనే దగ్గి దగ్గి సచ్చిపోయిండు. అందుకే బుగులైతుంది ఆయనకు," అంది, వంగిన మనిషి వంగినట్టే.

డాక్టర్ భాస్కర్ తలూపి తెమడ పరీక్షకు చీటీ రాశాడు. తమ్ముడి సంగతి తాను అడగనే లేదు. అడగాలని కళ్యాణికీ తోచలేదు. మందుల అల్మారా దగ్గర నర్సు వనజ పెదవి బిగించి నవ్వు ఆపుకోవడం మాత్రం ఆమె కంటపడింది.

మూడు వారాలుగా ఇదే వరస. కళ్యాణి అడుగుతుంది; వాళ్ళు హేమ్లికి చెబుతారు. హేమ్లి గదిలో లేకపోతే ఎటుపోయిందా అని తలుపు వంక చూస్తారు. ఆ మధ్యాహ్నం ఓపీ ముగిశాక కళ్యాణి డాక్టరు బల్ల ముందు నిలబడింది.

"హేమ్లి గదిలో ఉంటే వాళ్ళు నాతో మాట్లాడటం లేదండి. ఓపీ టైములో ఆమె లోపలికి రాకుండా ఉంటే బాగుంటుంది."

భాస్కర్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "తొమ్మిదేండ్ల సంది గామెనే చెప్తుంది మాకు."

"నిజమేనండీ. కానీ ఆమె క్లీనింగ్ వర్కర్ కదా. నన్ను వేసింది దీనికోసమే కదండీ."

అందులో కాదనడానికేమీ లేదు. రోగుల వివరాలు నియమించిన మనిషే అడగాలని పై ఆఫీసు కాయితంలో కూడా ఉంది. ఆయన హేమ్లిని పిలిచాడు. "ఇగ నుంచి రోగులొచ్చే టైముకు ఓపీలకు రాకు. కాన్పుల గదిలకు గూడ. పొద్దుగాల్నే తుడిచి పో. మాటలు మేడం చూసుకుంటది."

"సరే సారూ," అంది హేమ్లి. నలభై అయిదేళ్ళ మనిషి. ముంజేతుల మీద పాత పచ్చబొట్లు, జాకెట్టు మీద దవాఖానా వాళ్ళిచ్చిన నీలం కోటు. తుడుపుగుడ్డ పిండి, బకెట్ ఎత్తుకుని బయటికి నడిచింది. వరండాలో ఎవరో కోయ మనిషి ఆమె మోచెయ్యి పట్టుకుని ఏదో అడిగింది. హేమ్లి రెండు మాటలు చెప్పి మోచెయ్యి విడిపించుకుంది. ఆ రెండు మాటలూ ఏమిటో కళ్యాణికి తెలియలేదు.

సాయంత్రం కిరాయి గదిలో ఆమె వర్క్‌బుక్ ముందేసుకుని కూర్చుంది. ఎడమవైపు కోయ, కుడివైపు తెలుగు. కుడివైపు స్కేలుతో మూసి ఎడమవైపు చదవడం, తర్వాత ఎడమవైపు మూసి కుడివైపు. మధిరలో పదేళ్ళు ఇంగ్లీషు చదివింది కూడా ఇట్లాగే. మార్కులు ఎప్పుడూ తొంభైకి తగ్గలేదు. డిగ్రీ అయ్యాక హైదరాబాదులో ఒక ఇంటర్వ్యూలో అవతలి మనిషి ఇంగ్లీషులో నవ్వుతూ ఏదో పలకరిస్తే, ఆ పలకరింపుకు తన దగ్గర జవాబు లేక "యెస్ సర్" అని ఊరుకుంది. ఖమ్మంలో నలభై అయిదు రోజుల కోయ శిక్షణకు దరఖాస్తు చేసినప్పుడు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చివరి రాతపరీక్షలో తొంభై రెండు వచ్చాయి. జిల్లాలో అందరికన్నా ఎక్కువ.

గురువారం తెల్లారకముందు నుంచీ వాన. ఓపీలో జనం పల్చగా ఉన్నారు. కాన్పుల గదిలో మాత్రం రెండు మంచాలూ నిండాయి. ఒకామెకు బిడ్డ తల కనబడుతోంది, ఇంకొకామె మంచం కమ్మీ పట్టుకుని అరుస్తోంది. వనజ ఒక్కతే చేతులకు తొడుగులతో అటూ ఇటూ ఉరుకుతోంది.

పదిన్నరకు జోగి వచ్చింది. రాష్ట్ర సరిహద్దు అవతలి నుంచి కొన్నేళ్ళ కింద వచ్చి అడవిలో గుడిసెలు వేసుకున్నవాళ్ళ పిల్ల, ఇరవై లోపే ఉంటాయి. వెంట అత్త. ఇద్దరూ నడుం పైదాకా తడిసిపోయి ఉన్నారు. జోగి వరండా గోడ పట్టుకుని నిలబడింది. చీర అంచు నుంచి గచ్చు మీదికి నీళ్ళు కారుతున్నాయి.

"నెలలు నిండినయా అడుగు," వనజ లోపలి నుంచి కేకేసింది.

కళ్యాణి అడిగింది. జోగి వేళ్ళు చూపించింది. తొమ్మిది.

"నెత్తురు పోయిందా, ఉమ్మనీరు పోయిందా అడుగు. గది ముఖ్యం. మంచిగ అడుగు."

ఉమ్మనీరు. ఆ మాట కోయలో కళ్యాణికి తెలియదు. శిక్షణలో శరీర భాగాల పాఠం ఉంది, జ్వరాల పాఠం ఉంది, సంతలో బేరమాడే పాఠం ఉంది. కాన్పు పాఠం లేదు. చెప్పిన మాస్టారు పెద్దవయసు మనిషి, ఆడపిల్లల ముందు ఆ సంగతులు ఎత్తలేదు. తెలియదని వనజతో అనడానికి నోరు రాలేదు. తెలిసిన సగమే అడిగింది. నెత్తురు పోయిందా?

"ఇల్లె," అంది జోగి. లేదని.

అది స్పష్టంగా అర్థమైంది. కళ్యాణికి కాస్త ధైర్యం వచ్చింది. కానీ జోగి అక్కడితో ఆగలేదు. నొప్పికీ నొప్పికీ మధ్య ఊపిరి దొరికినంతసేపూ చెప్పుకుపోయింది. పుస్తకంలో పొందికగా విడివిడిగా ఉండే మాటలు ఆమె నోట్లో ఒకదాన్నొకటి తోసుకుని, చివర్లు తెగిపోయి వస్తున్నాయి. వాటిలోంచి ఒక మాట మాత్రం రెండుసార్లు, మూడుసార్లు పైకి తేలింది. ఏరు. ఏరు. చేత్తో కిందికి చూపిస్తోంది.

ఏరు అంటే నీళ్ళు. తెలుగువాళ్ళకు ఏరంటే పారే ఏరు, కోయలో నీళ్ళు. మొదటి పాఠంలో మూడో మాట. పక్కన కుండ బొమ్మ కూడా ఉంది. 'నాకు నీళ్ళు కావాలి' అన్న వాక్యం పరీక్షలో కూడా వచ్చింది. కళ్యాణికి ప్రాణం లేచివచ్చింది. బ్యాగులోంచి తన సీసా తీసి, మూత విప్పి, జోగి చేతిలో పెట్టింది.

జోగి సీసా వంక చూసింది. కళ్యాణి ముఖం వంక చూసింది. ఇచ్చారు కనుక తాగాలేమోనన్నట్టు రెండు గుక్కలు తాగింది.

వరండా చివర హేమ్లి బకెట్‌తో నిలబడి ఉంది. "మేడం," అంది. "గామె చెప్పేది..."

కళ్యాణి తల తిప్పకుండానే అరచెయ్యి ఎత్తి ఆపింది.

హేమ్లి ఆ చెయ్యి వంక ఒక క్షణం చూసి, బకెట్ పట్టుకుని మగవాళ్ళ వార్డు వైపు వెళ్ళిపోయింది.

"ఏమంటంది?" వనజ కేక.

"ఏమీ పోలేదంట సిస్టర్. దాహంగా ఉందంట. నీళ్ళిచ్చాను."

వనజ ఒక్క నిమిషం బయటికొచ్చి, జోగి పొట్ట తడిమి, నాడి చూసి, గుడ్డలు పిండితే కారే వాన నీళ్ళు చూసి, "ఇంకా చాన టైముంది. బెంచీ మీద పండుకోబెట్టు," అంది. కేస్ షీటులో ఉమ్మనీరు ఎదుట 'పోలేదు' అని రాసి మళ్ళీ లోపలికి ఉరికింది. అత్త రెండుసార్లు కళ్యాణి దగ్గరకొచ్చి ఏదో చెప్పింది. కళ్యాణి పుస్తకంలోని 'భయపడవద్దు' అనే వాక్యం తప్పు లేకుండా చెప్పింది. రెండోసారి విన్నాక అత్త వెళ్ళి కోడలి కాళ్ళ దగ్గర గచ్చు మీద కూర్చుంది.

మూడు గంటలకు జోగి వణకడం మొదలుపెట్టింది. కళ్యాణి నుదురు ముట్టుకుంటే చెయ్యి కాలింది. వనజ వచ్చి గుడ్డ ఎత్తి చూసింది. వాసన కళ్యాణికి కూడా తగిలింది.

"నీళ్ళు ఎప్పుడో పోయినయ్!" వనజ గొంతు మారిపోయింది. "సార్! జల్దీ రాండి సార్!"

ఆ తర్వాత అంతా ఉరుకులు. లోపల బిడ్డ గుండె మందగించి కొట్టుకుంటోందని, ఇక్కడ కాదని, నూట ఎనిమిదికి ఫోను చెయ్యమని. స్ట్రెచర్ మీద ఎక్కించేటప్పుడు అత్త హేమ్లి రెండు చేతులూ పట్టుకుని ఏదో చెప్పింది. హేమ్లి తల వంచుకుని విన్నది. అంబులెన్సు భద్రాచలం దారి పట్టాక కళ్యాణి ఆమె దగ్గరకు వెళ్ళింది.

"ఏమంది?"

"నిన్న పొద్దుగూకే యాల్లకు పోయినయంట నీళ్ళు. వాగు దాటరాకుంటే తెల్లారేదాక ఒడ్డునే కూసున్నరంట." హేమ్లి చేతులు కోటుకు తుడుచుకుంది. "నీళ్ళు పోయినయ్, నీళ్ళు పోయినయ్ అని పొద్దటి సంది చెప్తనే ఉన్నరంట."

బిడ్డ శుక్రవారం మధ్యాహ్నం దాకా బతికింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడవలేదట. జోగికి మాత్రం గండం గడిచింది. కబురు వనజ ఫోనుకు వచ్చింది. విని, ఫోను అల్మారాలో పెట్టి, అల్మారా తలుపు వేసి అక్కడే నిలబడిపోయింది.

శనివారం భాస్కర్ కళ్యాణిని లోపలికి పిలిచాడు. బల్ల మీద టైపు చేసిన కాయితం ఉంది. సోమవారం పై నుంచి విచారణకు వస్తున్నారు. రోగిని బంధువులు ఆలస్యంగా తీసుకువచ్చారు. ఉమ్మనీటి గురించి అడిగినప్పుడు చెప్పలేదు. ఈ ప్రశ్నలు రోగి భాషలోనే అడగడమైనది. కింద మూడు పేర్లు. రెండు సంతకాలు అప్పటికే అయిపోయాయి.

"ఆలస్యంగ వచ్చుడు అబద్ధం కాదు గదమ్మా," అన్నాడాయన. కసిరిన గొంతు కాదు, అలిసిపోయిన గొంతు. "రాత్రంత అడవిల ఉన్నరు. ఇక్కడికొచ్చేటప్పటికే సగం పని అయిపోయింది. ఇగ ఎవరిని బద్నాం చేసి ఏం లాభం?"

వనజ గోడకానుకుని నిలబడింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. "నేను చూడకపోలే కళ్యాణీ. మూడు కాన్పులు ఒక్క చేతి మీద. నువ్వు పోలేదన్నవు, నేను రాసిన. నాకు పన్నెండేండ్ల సర్వీసు. ఒక్క సంతకం పెట్టు, నీకు గూడ మంచిది."

"సోమవారం పెడతానండి," అంది కళ్యాణి.

దవాఖానా వెనక నల్లా దగ్గర హేమ్లి రబ్బరు షీట్లు ఉతుకుతోంది. బ్లీచింగ్ నీళ్ళలో ముంచి, బండ మీద పరిచి, బ్రష్‌తో ఒక అంచు నుంచి ఇంకో అంచుకు ఒకే వైపు రుద్దుతోంది. కళ్యాణి వెళ్ళి పక్కన నిలబడింది. హేమ్లి తల ఎత్తి చూడలేదు.

"గురువారం నువ్వు చెప్పబోయావు."

"అవ్."

"గట్టిగా చెప్పొచ్చుగా!"

"చెయ్యి చూపిచ్చినవ్ గద మేడం." హేమ్లి షీటు తిరగేసింది. "సారు గూడ రావద్దన్నడు. గీ పని పోతే నాకు ఇంకో పని లేదు. గందుకే పోయిన. పోయి మగోళ్ళ వార్డు రెండుసార్లు తుడిచిన. తుడిచిందే తుడిచిన."

కళ్యాణి అలవాటు కొద్దీ నోటుపుస్తకం తెరిచింది. "కోయలో ఉమ్మనీటిని ఏమంటారు?"

హేమ్లి బ్రష్ ఆపింది. నుదురు ముడిపడింది. "ఎవల నీళ్ళు?"

"ఎవరివీ కావు. మాట. ఆ ఒక్క మాట చెప్పు."

"ఊకె ఒక్క మాటంటే ఎట్లొస్తది? మనిషి ముంగట కూసుంటే వస్తది." ఆమె నిజంగానే ప్రయత్నించింది. కళ్ళు మూసుకుంది, పెదాలు కదిలించింది, తలకాయ అడ్డంగా ఊపింది. "నీళ్ళే అంటరు. మనం గూడ నీళ్ళు పోయినయనే అంటం గద. ఏ నీళ్ళో ఆ మనిషిని చూస్తే ఎరుకైతది."

"మరి నువ్వెట్లా నేర్చుకున్నావు?"

"నేనేడ నేర్సుకున్న!" మొదటిసారి హేమ్లి కొంచెం నవ్వింది. "మిరపకాయలు ఏరబోయిన. పదమూడు పద్నాలుగేండ్లున్నయ్. మా తండా వాళ్ళంత ఒక దిక్కు, నన్ను తీస్కపోయి కోయోళ్ళ సాలుల పెట్టిండు ఆసామి. ముందుగాల తిట్లే వచ్చినయ్. తిట్టినోళ్ళకు జవాబియ్యాలె గద! తర్వాత అన్నం మాటలు. తర్వాత పాటలు. నాలుగైదేండ్లు గట్లనే. ఎప్పుడొచ్చిందంటే ఏం చెప్పాలె?" నవ్వు ఆగింది. ఆమె షీటు మీద నీళ్ళు పోసింది. "నా పెద్దపిల్ల ఆ మిరపచేను గుడిసెల్నే పుట్టింది. నా దగ్గరున్నది ఒక్క కోయ ముసలామె. నేనేమో మా లంబాడి మాటల్ల మొత్తుకుంటున్న. ఆమెకు నా మాట రాదు. గని నా మొఖం ఇట్ల పట్టుకొని, నేనేమంటున్ననో చూస్తనే ఉంది. తెల్లందాక."

"ఈ పోస్టుకు నువ్వెందుకు పెట్టుకోలేదు?"

"అడిగిన. ఇంటర్ కాయితం కావాలన్నరు. నోటితోని అడుగుండ్రి సారూ, చెప్త అన్న. రాత పరీక్షే అన్నరు." చెప్పిన తీరులో ఫిర్యాదు లేదు. షీటు నీళ్ళు విదిలించి తీగ మీద ఆరేసింది. "రేపు భద్రాచలం పోత. ఆ పిల్లకు గంజి తీస్కపోవాలె. అత్తకు అక్కడ దారి గూడ తెల్వది."

"నేనూ వస్తాను," అంది కళ్యాణి.

ఆదివారం బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్యాణి వాక్యాలు తయారు చేసుకుంది. తప్పు నాది. నాకు అర్థం కాలేదు. తర్వాత ఆగిపోయింది. క్షమించమనే మాట వర్క్‌బుక్‌లో ఎంత వెతికినా లేదు. హేమ్లిని అడిగింది.

"గా మాట నాకు గూడ రాదు," అంది హేమ్లి, ఒళ్ళో గంజి గిన్నె ఒలకకుండా పట్టుకుని. "తప్పు చేసినోళ్ళు ఇంటికొచ్చి కూసుంటరు. వాళ్ళేమంటే అది వినాలె."

వంతెన మీద బస్సు నెమ్మదించింది. కింద గోదావరి ఎర్రగా, వెడల్పుగా, కొట్టుకొచ్చిన కొమ్మలతో పోతోంది. బస్సులో అందరూ ఒకసారి అటు చూశారు, ఇంకా ఎంత పెరుగుతుందోనని మాట్లాడుకున్నారు.

వార్డులో జోగి చివరి మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. పాలు పడి నొప్పిగా ఉందేమో, ఛాతీకి పాత చీర పేలిక బిగించి కట్టారు. పేలిక మీద రెండు తడి మరకలు. కళ్యాణిని చూసి ఆమె చూపు తిప్పుకోలేదు. గుర్తుపట్టిందో లేదో ముఖంలో తెలియలేదు. అత్త మాత్రం లేచి నిలబడింది.

హేమ్లి మంచం అంచున కూర్చుని గిన్నె మూత తీసింది. ఏమీ అడగలేదు. గంజిలో ఉప్పు సరిపోయిందో లేదో నాలుక మీద వేసుకుని చూసి, జోగి చేతికిచ్చింది. జోగి తాగుతుంటే జుట్టులో చిక్కు ఒకటి వేళ్ళతో విప్పసాగింది. కళ్యాణి కుర్చీ కోసం చూసి, లేకపోతే కింద గచ్చు మీద కూర్చుంది. నోటుపుస్తకం బ్యాగులోనే ఉండిపోయింది. బస్సులో కూర్చుకున్న వాక్యాలు రెండూ నోటిదాకా వచ్చి, ఆ తడి మరకల ముందు ఆగిపోయాయి.

కొంతసేపటికి జోగి తనంతట తానే మాట్లాడసాగింది. ఎవరి వంకా చూడకుండా, మెల్లగా, ఒకే గొంతుతో. హేమ్లి మధ్యమధ్యలో ఊ కొడుతోంది. కళ్యాణి వింటోంది. ఏ మాట ఏ పాఠంలోదో వెతుక్కోవడానికి చేతిలో పుస్తకం లేదు, ఆమెను ఏమన్నదని అడిగేవాళ్ళు లేరు. వాగు అన్నప్పుడు జోగి చెయ్యి అడ్డంగా కదిలింది. వాన అన్నప్పుడు అత్త తల ఊపింది. దవాఖానా అన్నది. బెంచీ అన్నది. ఆ తర్వాత జోగి ఒక మాట అంది.

కళ్యాణికి అది అర్థమైంది. ఒక్కో మాట విడదీసి తెలుగులోకి తిప్పుకోలేదు. వినడమూ తెలియడమూ ఒక్కసారే జరిగిపోయాయి.

నీళ్ళు పోయినయని ఈ పిల్లకు చెప్పిన. ఈ పిల్ల తాగమని నీళ్ళిచ్చింది. తాగిన.

హేమ్లి తెలుగులో చెప్పడానికి ఇటు తిరిగింది. కళ్యాణి ముఖం చూసి ఆగింది. "సమజైందా?"

కళ్యాణి తల ఊపింది. రెండు చేతులూ గచ్చుకు ఆనించి అట్లాగే కూర్చుండిపోయింది. వాళ్ళు ఎట్లా మాట్లాడతారో వినాలని శిక్షణలో చేరినప్పటి నుంచీ ఆశపడింది. పూర్తిగా అందిన మొదటి మాట ఇది.

అత్త హేమ్లిని ఏదో అడిగింది. "నీకు పిల్లలున్నరా అని అడుగుతుంది," అంది హేమ్లి కళ్యాణితో.

"ఇల్లె," అంది కళ్యాణి. అత్త ఆమె వంక చూసి, మళ్ళీ కూర్చుంది.

సోమవారం విచారణకు వచ్చిన అధికారి పేరు యశోద. సన్నటి మనిషి, జరీ లేని నేత చీర, చేతిలో మందపాటి ఫైలు. డాక్టరు గదిలో ఆయన కుర్చీలోనే కూర్చుంది. టైపు చేసిన కాయితం చదివి మూడో సంతకం చోటు చూపించింది. కళ్యాణి అక్కడ సంతకం పెట్టకుండా, తాను తెలుగులో రాసుకొచ్చిన రెండు పేజీలు ఇచ్చింది. వనజ కళ్ళు మూసుకుంది.

యశోద మొదటి పేజీ నుంచి చదవసాగింది. ఉమ్మనీటి గురించి తాను అడగనే లేదని, నీళ్ళు అన్న మాటను దాహం అనుకున్నానని, రోగీ ఆమె అత్తా పదేపదే చెప్పారని కళ్యాణి రాసింది. డాక్టరుకు, నర్సుకు తాను తప్పు చెప్పానని కూడా రాసింది.

"పరీక్షలో ఎన్ని మార్కులు మీకు?"

"తొంభై రెండండి."

"గురువారం అర్థం కానిది తర్వాత ఎట్లా అర్థమైంది?"

కళ్యాణి ఆలోచించింది. "గురువారం నేను అడిగి, నాకు తెలిసిన జవాబు కోసం చూశానండి. ఆదివారం నేనేమీ అడగలేదు."

యశోద ఆమెను కొంచెంసేపు చూసి, ఫైలులో ఏదో రాసుకుంది. "ఇంకెవరికీ ఈ భాష రాదా ఇక్కడ?"

చివరికి భాస్కరే, "మా క్లీనింగ్ ఆమెకు వస్తదండి," అన్నాడు.

హేమ్లిని పిలిచారు. తలుపు దాటి ఒక అడుగు లోపల నిలబడింది.

"ఆ రోజు వరండాలో ఉన్నావా?"

"ఉన్న మేడం."

"వాళ్ళు చెప్పింది విన్నావా?"

"విన్న."

"నీకు అర్థమైందా?"

"అయ్యింది."

"మరి ఎందుకు చెప్పలేదు?"

హేమ్లి గచ్చు వంక చూసింది. పొద్దున తానే తుడిచిన గచ్చు. కళ్యాణి వంక చూడలేదు, డాక్టరు వంక చూడలేదు. ఫ్యాను కింద ఆమె కోటు అంచు కదులుతోంది. "పోయిన," అంది చివరికి. "చెప్పకుంట పోయిన. నా తప్పు గూడ రాసుకోండ్రి."

యశోద పెన్ను తెరిచింది. పారిశుధ్య కార్మికురాలు విషయం తెలిసి కూడా, అంటూ పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టింది. అక్షరాలు కాయితం మీద పడుతుంటే కళ్యాణి బల్ల మీదున్న తన కాయితాల వంక చూసింది. తన రెండు పేజీల్లో అన్నీ ఉన్నాయి. ఒక్కటి లేదు. ఎత్తిన చెయ్యి లేదు. రాసేటప్పుడు మూడుసార్లు ఆ చోటికొచ్చి, మూడుసార్లు దాటి పోయింది. అర్థం కాకపోవడం తప్పు, ఒప్పుకోవచ్చు. ఇది వేరు.

"మేడం, నా కాయితం ఒకసారి ఇవ్వండి."

నిలబడే, బల్ల అంచు మీద వంగి రాసింది. హేమ్లి గదిలోకి రాకూడదని పోయిన సోమవారం నేనే డాక్టరు గారిని కోరాను. గురువారం ఆమె చెప్పబోతుంటే నేనే చెయ్యెత్తి ఆపాను. కింద సంతకం పెట్టి, తేదీ వేసి ఇచ్చింది. రాత వంకరగా వచ్చింది.

యశోద చదివింది. తాను రాస్తున్న వాక్యం మధ్యలో ఆపి, దాని మీద అడ్డగీత కొట్టింది. ఆ వాక్యం కొట్టేశారని హేమ్లికి ఎవరూ చెప్పలేదు.

"మీ కాంట్రాక్టు సంగతి పైవాళ్ళు చూస్తారు," అంది కళ్యాణితో. "ఆర్డరు వచ్చేదాకా రోజూ రండి. రోగులను మాత్రం ఏమీ అడగొద్దు."

ఆమె కారు వెళ్ళిపోయాక వనజ కళ్యాణి పక్కనుంచి ఒక్క మాట లేకుండా నడిచిపోయింది. మెమో తనకూ వస్తుందని ఆమెకు తెలుసు.

మూడింటికి ఆటోలో ఒక కోయ కుటుంబం వచ్చింది. నడివయసు ఆడమనిషి పొట్ట పట్టుకుని వంకర్లు తిరిగిపోతోంది, కూతురు ఏడుస్తూ చెబుతోంది. భాస్కర్ కళ్యాణి కుర్చీ వంక చూశాడు. కళ్యాణి అందులో లేదు, తలుపు దగ్గర నిలబడి ఉంది. ఆయన వరండాలోకి వచ్చి, "హేమ్లీ!" అని పిలిచాడు.

హేమ్లి వచ్చి గడప బయట ఆగింది. "నన్ను లోపలికి రావద్దన్నరు గద సారూ."

"ఇప్పుడు రమ్మంటున్న గదా. జల్దీ రా."

"వద్దన్నప్పుడు గూడ నోటితోనే అన్నరు, రమ్మన్నప్పుడు గూడ నోటితోనే అంటున్నరు. మళ్ళ ఏమన్న అయితే ఎవలు రమ్మన్నరని అడుగుతరు." ఆమె గొంతు పెద్దది కాలేదు. కానీ కాలు గడప దాటలేదు. "కాయితం మీద రాసియ్యండ్రి."

డాక్టరు ముఖం ఎర్రబడింది. లోపల ఆడమనిషి మూలిగింది. ఆయన మందుల చీటీ ఒకటి చింపి, వెనకవైపు గబగబా రాసి, సంతకం పెట్టి, ముద్ర కొట్టి ఇచ్చాడు. హేమ్లి దాన్ని తీసుకుని కళ్యాణి చేతిలో పెట్టింది. "ఏం రాసిండో చదువు బిడ్డా."

హేమ్లి తనను అప్పటిదాకా మేడం అనే పిలిచింది. కళ్యాణి పైకి చదివింది. రోగుల భాష తెలిసినందున హేమ్లిని తాత్కాలికంగా ఓపీ, కాన్పుల గదులలోకి అనుమతించడమైనది.

"తాత్కాలికమంటే ఏంది?"

"కొన్నాళ్ళకు అని, అక్కా."

"ఎన్నాళ్ళో రాసిండా?"

"రాయలేదు."

హేమ్లి ఒక క్షణం ఆలోచించి, కాయితం నాలుగు మడతలు పెట్టి జాకెట్టులో దోపుకుంది. నల్లా కింద సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుంది. లోపలికి వెళ్ళి స్టూలు దగ్గరకు లాక్కుని, ఆ ఆడమనిషి మోకాలి మీద చెయ్యి వేసి మాట్లాడటం మొదలుపెట్టింది. నొప్పి సంగతి ముందుగా అడిగినట్టు లేదు. ఏ దారిన వచ్చారు, వాగు తీసిందా అన్నట్టుంది. ఆడమనిషి మూలుగు ఆపి జవాబు చెప్పింది.

కళ్యాణి తలుపుకు ఆనుకుని వింది. దారి అన్నది అందింది. నిన్న అన్నది అందింది. కూతురు అన్నది, తినడం అన్నది. మిగతావి అందలేదు. అందనివాటిని ఆమె ఊహించలేదు.